మెల్లకన్ను పాములు

మా చెల్లెలి మనవరాలు భార్గవి నా చిన్ననాటి ఇంటిని కంప్యూటరు ఆటగా మార్చి, ఆ ఇంటి బావి నిండా నీళ్లు పోసింది. ముప్పైయేళ్లు ఆడపిల్లల హైస్కూలులో తెలుగు చెప్పినదాన్ని. పద్యానికి అర్థం అడిగితే పిల్లలు చెప్పిన విడ్డూరాలను ఎన్నింటినో ఓర్చుకున్నాను. ఇది మాత్రం ఓర్వలేకపోయాను. శింగనమల దాపున మా పల్లెలో, మా పెరటి బావిలో నీళ్లు చూడాలంటే మెడ సాచి, కళ్లను చీకటికి అలవాటు చేసుకుని, కొంతసేపటికి అడుగున ఏదో మెరిసినట్టు తోస్తే అవే నీళ్లని నమ్మాలి. ఆ నమ్మకంతోనే అమ్మ చేద వేసేది. అటువంటి బావిని ఈ పిల్ల అంచుదాకా నింపి, పైన ఒక తామరపువ్వును కూడా తేలవిడిచింది.

"నీళ్లు ల్యాకపోతే బావి అని ఎట్ల తెలుస్తాది అవ్వా?" అన్నది.

"మా కాలంలో నీళ్లు లేకపోవడం వల్లనే బావి అని తెలిసేది," అన్నాను.

భార్గవి అనంతపురంలోనే ఒక ఫ్లెక్సు షాపులో పని చేస్తుంది. పుట్టినరోజు నాయకుల ముఖాలను తెల్లబరచడం, పెళ్లికొడుకు వెనుక మంచుకొండలు నిలపడం ఆమె జీవనోపాధి. అది ముగించుకుని ఇంటికి వచ్చాక, రెండేళ్లుగా, అడిగినవారు లేకున్నా, ఇచ్చేవారు లేకున్నా, ఈ ఆట తయారు చేస్తున్నది. దానిని అడ్వెంచర్ గేమ్ అంటారట. యుద్ధాలు, తుపాకులు ఉండవు. ఒక అమ్మాయి పాత ఇంట్లో గది గదికీ తిరుగుతుంది; ఒకచోట చేట దొరుకుతుంది, ఒకచోట తాళంచెవి దొరుకుతుంది; దేనిని ఎక్కడ వాడాలో కనిపెడితే తలుపు తెరుచుకుంటుంది, కథ ముందుకు పోతుంది. ఇటువంటివి సరదాకొద్దీ చేసేవాళ్లు దేశదేశాలలో ఉన్నారట, వారిలో చాలామందికి బొమ్మ గీయడం రాదట. కనుక ఈమె తన ఆటకోసం గీసిన గోడలను, గడపలను, కుండలను మూటలుగా కట్టి వెబ్‌సైటులో అమ్మకానికి పెడుతుంది. మా అమ్మ రోలు ఇప్పుడు ఏదో చలిదేశపు ఆటలో మంత్రగత్తె వంటింట్లో ఉన్నదని ఆ మధ్య సంతోషంగా చెప్పింది. ఆ రోట్లో ఏమి నూరుతున్నదని అడిగితే, కప్పలని చెప్పింది. నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

అయినా ప్రతి ఆదివారం వస్తుంది. వచ్చి, పలకవంటి తెరను నా ఒడిలో పెట్టి, "చూడవ్వా, ఇది సరిగ్గా ఉండాదా?" అంటుంది. ఏది సరిగ్గా ఉంది గనుక? మట్టి మిద్దెకు పెంకుల వాలు కట్టింది. ముంగిట కొబ్బరిచెట్లు నాటింది. మిద్దెకు నడుమ వెలుతురు దిగే గవాక్షి ఉండేదని, వాన వస్తే దానిమీద బండ మూసేవారని, వాన రాదు గనుక ఆ బండ ఎప్పుడూ పక్కకే పడి ఉండేదని ఎన్ని మార్లు చెప్పినా, "బొమ్మకు అందం రాదవ్వా" అన్నది. అందం కోసం అబద్ధం చెప్పడం కవులకే చెల్లునని ఇన్నాళ్లూ అనుకున్నాను.

మొన్న ఆదివారం ఆటలోని చివరి గది చూపించింది. అది మా నాయన పనిచేసుకునే వసారా. అక్కడ నేలమీద ఒక వైకుంఠపాళి పటం పరిచి ఉంది. పటం నడుమ ఏడు పాములు ఒకదాని తోకను ఒకటి కరిచి జడలాగా అల్లుకున్నాయి. ఆ అల్లికను చూడగానే గుర్తుపట్టాను. అటుపైన వాటి కళ్లు చూశాను. ఏడింటికీ మెల్లకన్నే. రెండు కంటిపాపలూ ముక్కువైపుకు జరిగి, తమ నాలుకను తామే చూసుకుంటున్నాయి.

"ఇది యాడ దొరికింది నీకు?" అన్నాను. కోపం వచ్చినప్పుడు నా నోట పంతులమ్మ భాష పోయి పల్లె భాష వస్తుంది.

"ఇంటర్నెట్లోనే అవ్వా. పాతకాలం అచ్చు పటం. ఎవురో ఫొటో పెట్టినారు, దాన్ని చూసి గీసినా. కండ్లు చూడు, ఎంత ముద్దుగుండాయో! ఈ కండ్లకే పడిపోయినాడు ఒకాయన."

ఎక్కడో ఆటలు చేసే పెద్దమనిషి ఒకడు ఈ పాములను చూసి ముచ్చటపడి, తనకు అమ్మమని రాశాడట. అయితే మూటలో కలిపి పదిమందికీ అమ్మినట్టు కాదు, అతనొక్కడికే. ఇక ఎవరికీ ఇవ్వకూడదు, ఆమె తన ఆటలో కూడా పెట్టుకోకూడదు. ఇచ్చే దుడ్లతో భార్గవి ఆర్నెల్లు షాపుకు పోకుండా ఇంట్లో కూర్చుని ఆటను పూర్తి చేసుకోవచ్చు.

"ఏ ఆటను? చివరి గదిలో పటం మీద గవ్వలు వేస్తేనే కదా తలుపు తెరుచుకునేది? పాములు పోయాక ఏమి పూర్తి చేస్తావు?"

"వేరే ఏదన్నా పెడతాలే అవ్వా. అయినా ఇది పాతది. ఎవురిదీ కాదు కదా."

ఎవరిదీ కాదట! అది ఎవరిదో తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలాను.

మా నాయన, నడుమ ఆ ఏడు పాముల అల్లికతో, వైకుంఠపాళి పటాలు రాసేవాడు. రాసేవాడనే అనేవారు, గీసేవాడని కాదు. జాగారం నాడు నిద్ర రాకుండా ఆడుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొనుక్కునేవారు. తిరునాళ్లకు కట్టగా కట్టుకుని పోయి కొన్ని అమ్మేవాడు. మిగిలిన కాలంలో మాకున్న కాస్త చేనిలో వేరుశనగ వేసేవాడు, అది పండేదీ ఎండేదీ మబ్బు దయ. పటం పని మొదలైతే ఇల్లంతా చింతగింజల వాసన. గింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, కుండెడు నీళ్లలో ఉడికిస్తే జిగురవుతుంది. అందులో సుద్ద కలిపి ముతక గుడ్డకు పట్టించి, ఎండబెట్టి, నున్నని రాతితో రుద్దితే అద్దం లాగా అయ్యేది. ఉడికే జిగురు వాసన మంచిదో చెడ్డదో నేటికీ చెప్పలేను. ఆకలి వాసన అని మాత్రం చెప్పగలను. ఎందుకంటే ఇంట్లో ఉన్నది ఒక్కటే పొయ్యి. ఆ కుండ దిగిందాకా సంగటి కుండ ఎక్కేది కాదు. అమ్మ ఉలవచారు చల్లారిపోతుంటే పొయ్యి ముందర కూర్చుని, గోడతో చెప్పినట్టు చెప్పేది: "పాములకు ఉండాది పొయ్యి, పిల్లలకు ల్యాదు. పాములే బతకనీ!" నాయన వినిపించుకునేవాడు కాదు. నిచ్చెనలు గీసేటప్పుడు ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు, నవ్వేవాడు, వచ్చిపోయేవాళ్లను పలకరించేవాడు. పాము మొదలుపెట్టే ముందు మాత్రం లేచిపోయి, నోట్లో వక్కాకు ఉమ్మి, పుక్కిలించి వచ్చి కూర్చునేవాడు. తల నుంచి తోక దాకా ఒక్క ఊపిరి. ఆ ఊపిరి విడిచిందాకా ఊయలలో చంటిది ఏడ్చినా అమ్మ కూడా కదిలేది కాదు. ఆ చంటిదే మా చెల్లెలు, భార్గవికి సొంత అవ్వ. తనకు ఈ కథ తెలియకుండానే పోయింది.

పాము పూర్తయినా కన్ను మాత్రం పెట్టేవాడు కాదు. అది ఆయన నాయన కాలం నుంచి వచ్చిన కట్టుబాటు. పటం కొన్నవారు దాని మూలన ఒక బెల్లంముక్క పెడితే, అప్పుడు వాళ్ల ఎదురుగా కూర్చుని, ఉడుతతోక కుంచెను దీపపు మసిలో ముంచి, వరసగా కళ్లు తెరిచేవాడు. కన్ను తెరిచిన పాము మొదట ఎవరిని చూస్తుందో వారి ఇంటి పాము అవుతుందనేవాడు. "ఎవురి ముందర కన్ను తెరిస్తే వాళ్లదే పటం" అన్నది ఆయనకు పత్రం, సంతకం, సాక్షి. కనుక మా ఇంట్లో ఎప్పుడు చూసినా గోడలనిండా గుడ్డిపాములే వేలాడుతూ ఉండేవి.

నాకు తొమ్మిదేళ్లో, దగ్గర దగ్గర. ఆ ఏడు విత్తనం మొలిచి, బెత్తెడు లేచి, చేనంతా మాడిపోయింది. తిరునాళ్లకు పన్నెండు పటాలు సిద్ధమైనాయి. వాటిమీదనే ఏడాది గడవాలని అమ్మా నాయనా మాట్లాడుకోవడం నేను విన్నాను. మరునాడు నాయన రంగుల కోసం పట్నం పోయాడు, అమ్మ కూలికి పోయింది. తిరునాళ్లలో ఒక్కొక్క కొనుగోలుదారు ముందు గొంతుక్కూర్చుని కళ్లు పెట్టేసరికి నాయన మోకాళ్లు పట్టేసేవి. ఇంటికి వచ్చాక అమ్మ ఆముదం కాచి రుద్దేది. ఆ కష్టం తప్పిద్దామన్నది నా సదుద్దేశం. సదుద్దేశంతో చేసిన పాడుపనికి మందు లేదు. పన్నెండు పటాలనూ నేలమీద పరిచి, పాము ముఖానికి ముఖం ఆనించి, ఒక్కొక్క కన్నే పెట్టుకుంటూ వచ్చాను. అంత దగ్గరగా చూసినందువల్లనో ఏమో, ప్రతి కంటిపాపా ముక్కువైపుకే జరిగింది. నాకు మాత్రం అవి ప్రాణం వచ్చి నన్నే చూస్తున్నట్టు ఉండినాయి.

ముందు అమ్మ వచ్చింది. చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుని గడపలోనే కూలబడింది. పొద్దు వాలేసరికి నాయన వచ్చాడు. నేను గాదె చాటున దాక్కున్నాను. ఆయన ఒక్కొక్క పటమూ వెలుతురుకు తిప్పి చూశాడు. కొట్టలేదు, కసరలేదు.

"నువ్వు కండ్లు పెట్టేటప్పుడు ఈడ ఎవురుండిరి పాపా?"

"ఎవురూ ల్యారు నాయనా. నేనే."

"అట్లయితే పన్నెండూ నీవే, పో" అన్నాడు.

నాకు సంతోషమైంది! ఆ సంతోషాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తిరునాళ్లలో ఒక్క పటమూ పోలేదు. మెల్లకన్ను వల్ల కాదు. దాన్ని ఎవరు చూడవచ్చారు? వచ్చినవారందరికీ నాయనే చెప్పాడు, కన్ను ఇంట్లోనే తెరిచిందని. మీ ఇంటిని చూసిన పాము మాకెందుకని వాళ్లు లేచిపోయారు. కట్టను కట్టగానే మోసుకుని వచ్చిన నాటి అమ్మ కేకలు నా చెవులలో ఉన్నాయి. "చెప్పకుంటే ఏం పోయె? ఎవురడిగినారు నిన్ను? నోట్లేకి సంగటి ల్యాదు గానీ, సత్యం పలికేకి నోరుండాది!"

కొన్నాళ్లకు ఒక పట్నపు శెట్టి వెతుక్కుంటూ వచ్చాడు. పలకలు, బలపాలు, కాగితాలు అమ్మే మనిషి. మా వసారాలో కూర్చుని, పటం ఒకటి మోకాళ్లమీద పరుచుకుని, ఏడు పాముల అల్లికను వేలితో చాలాసేపు దువ్వాడు.

"ఏమప్పా, కన్ను ముందు తెరిస్తేనేమి, ఎనక తెరిస్తేనేమి? నేను కాయితం మీద అచ్చు కొట్టిస్తా. పన్నెండూ ఇచ్చెయ్, మంచి దుడ్లే ఇస్తా. ఒకటే మాట. నేను అచ్చు కొట్టిచ్చినంక నువ్వు మళ్లీ ఈ అల్లిక రాయగూడదు. రాస్తే నా సరుకు ఎవురు కొంటారు, చెప్పు?"

 నాయన నావైపు చెయ్యి చూపాడు. "నన్నడిగితే ఎట్ల శెట్టీ? పటాలు నావి గావు. అదో, ఆ పాపవి. దాన్నడుగు."

శెట్టి నవ్వి, సంచిలోంచి బొరుగుల ఉండ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "ఏమ్మా, ఇస్తావా?" అన్నాడు. నేను ఉండ కొరికి, నోరు నిండా ఉండగా, తల ఊపాను.

తొమ్మిదేళ్ల పిల్ల తల ఊపితే తాతలనాటి విద్య ఆగిపోవడం ఏ ధర్మశాస్త్రంలో ఉన్నదో, ఉభయభాషలూ చదివిన నాకు ఇంతవరకు కనిపించలేదు. ఇచ్చిన మాటకోసం రాజ్యాలు విడిచిన రాజుల కథలు ముప్పైయేళ్లు పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ రాజు భుజాలు పట్టి కుదిపి, ఇంట్లో పొయ్యి సంగతి ఆలోచించావా అని అడగాలనిపించేది. ఆ ఏడాది మాకు గడిచింది, నిజమే. తరువాత నాయన ఎద్దుల కొమ్ములకు రంగులేశాడు, బండిచక్రాలకు వేశాడు, అంగళ్ల పేర్లు రాశాడు. ఆ అల్లిక లేని పటం పటమే కాదనేవాడు, కనుక పాము మాత్రం రాయలేదు. రాసే చెయ్యి ఊరకుండదు కదా. ఎండపొద్దున అరుగుమీద కూర్చుని మోకాలిమీద వేలితో ఏడు మెలికలూ తిప్పుతూ ఉండేవాడు. నేను చూస్తే చెయ్యి తీసేసేవాడు. ఇక శెట్టి అచ్చు పటాలా? అచ్చువాడు కన్ను కూడా వదలకుండా దించాడు. ఊరూరా, ఇంటింటా, జాగారం నాడు నా మెల్లకన్ను పాములే మనుషులను మింగి కిందికి దించేవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకనాడు వెనుక బెంచీ పిల్లలు ఏదో దాచుకుని ఆడుతుంటే లాక్కున్నాను. చూద్దును గదా, అదే పటం! దానిని ఆ పిల్లలకే తిరిగి ఇచ్చేసి, ఎందుకిచ్చానో చెప్పలేక పాఠంలో తడబడ్డాను. నాయన కూడా అంగళ్లలో వేలాడే పటాల పక్కనుంచి పోయేవాడు. ఒక్కసారే ఆగాడు. నేను పక్కనున్నాను. "ఆ కన్ను రవ్వంత ఇటు పెట్టిండాల్సింది పాపా" అని, ముందుకు నడిచాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.

ఇదంతా భార్గవికి చెప్పాను. చెప్పినంతసేపూ తెరమీది పాములను చూస్తూ కూర్చున్నది. చివరకు తలెత్తి, నేను భయపడిన మాటే అన్నది.

"అయితే ఇవి నీవే గదవ్వా. నువ్వు ఊ అంటే అమ్ముతా, వద్దంటే మానుకుంటా. నువ్వే చెప్పు."

ఇదేమి వంశం! ఆయనేమో తొమ్మిదేళ్లదాన్ని అడిగాడు. ఈమె డెబ్బై దాటినదాన్ని అడుగుతున్నది. తామే తేల్చుకోవలసిన మాటను ఎదుటివారి తలమీద పెట్టి, తాము మాత్రం ధర్మాత్ముల్లాగా పక్కన కూర్చోవడం మా ఇంటివారికి తరాల విద్య. వద్దంటే ఆర్నెల్ల కాలం నేను లాక్కున్నట్టు. ఊ అంటే మళ్లీ ఆ బొరుగుల ఉండే. నేను తల ఊపలేదు, అడ్డంగానూ నిలువుగానూ.

"ముందు ఆ కండ్లు చెరిపెయ్" అన్నాను.

చెరిపింది. ఏడు పాములూ మళ్లీ గుడ్డివైనాయి. మా గోడమీద వేలాడినట్టే ఉన్నాయి. "ఆ పుల్ల ఇట్లా ఇవ్వు. నువ్వు నా ఎదురుగా కూర్చో. ఫోను పక్కన పెట్టు."

తెరమీద రాసే ఆ కలం ఒక దౌర్భాగ్యపు వస్తువు. కుంచెకు ఉన్న మెత్తదనం లేదు, సిరా లేదు, గాజుమీద జారుతుంది. మొదటి కన్ను మెల్లకన్నే అయింది. "ఏం కాదవ్వా, ఇది నొక్కితే పోతాది" అని భార్గవి ఒక మూల నొక్కింది. కన్ను మాయమైంది, పెట్టనే పెట్టనట్టు.  ఇంత సుళువైన ఉపాయం ఆనాడు గాదె చాటున నాకు దొరికి ఉంటే! మళ్లీ పెట్టాను, మళ్లీ మెల్లకన్నే. ఆమె నొక్కింది, నేను పెట్టాను. ఎన్ని మార్లు చెరిపి ఎన్ని మార్లు పెట్టినా ఆ కంటిపాప ముక్కువైపుకే పోయింది. ఉపాయం మారింది గాని చెయ్యి అదే కదా.

"సాలవ్వా, అట్లే ఉండనీ" అని ఆమే నా చెయ్యి పట్టుకున్నది. మిగిలిన ఆరింటికీ అట్లాగే పెట్టాను. ఆమె గబగబా వంటింట్లోకి పోయి బెల్లంముక్క తెచ్చి తెర మూలన పెట్టింది. చీమలు పడతాయే అని నేను కసిరాను.

"నీ ముందర తెరిచాను. ఇక నీవి. అమ్ముకుంటావో, ఆడుకుంటావో, నన్ను అడగవద్దు," అన్నాను. ఆమె బెల్లం నోట్లో వేసుకుని, తెరను సంచిలో పెట్టుకుని, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఆ వారమంతా నాకు మనసు మనసులో లేదు. శెట్టి మాటకు తల ఊపిన నాటికంటే, ఊపకుండా ఊరకున్న ఈ వారమే ఎక్కువ బరువైంది. నాయన కూడా ఇట్లాగే తేలికపడదామని నన్ను చూపి, ఇట్లాగే పడలేకపోయాడేమో. ఇంతకాలం ఆయన మీద పెంచుకున్న చిరాకులో కొంత నావైపుకు తిప్పుకోవలసి వచ్చింది. అదీ చిరాకే.

ఆదివారం వచ్చింది. చెప్పులు విడవకముందే తెర నా ఒడిలో పెట్టింది. మిద్దెకు పెంకులు పోలేదు. కొబ్బరిచెట్టు ఒకటి మాత్రం తగ్గింది. బావి దగ్గరికి ఆ ఆటలోని అమ్మాయి నడిచి వెళ్లి, మెడ సాచి చూసింది. లోపల నల్లగా ఉంది, బాగా అడుగున ఏదో మెరిసీ మెరవనట్టు మెరిసింది.  వసారాలో పటం ఉంది. ఏడు పాములూ ఉన్నాయి.

"అమ్మలేదా?"

"పాములు ఇయ్యనని రాసినా. ఇంకేమన్నా ఉండాదా అన్నాడు. నిచ్చెనలు తీసుకోప్పా అంటే తీసుకున్నాడు."

"ఆర్నెల్లకు సరిపోతాయా ఆ దుడ్లు?"

"యాడ సరిపోతాయి? ఒక నెలకు. అది అయిపోతే మళ్లీ షాపే."

"నిచ్చెనలు కూడా మా నాయనవే కదే, మహాతల్లీ!"

భార్గవి చెప్పులు విడిచి, నా పక్కన మంచంమీద కూర్చుని, పటం మీద గవ్వలు వేయడానికి కలం నా చేతికిచ్చింది.

"నిచ్చెనలకు కండ్లుండవు గదవ్వా. ఎవురికన్నా అమ్మొచ్చు."